వానలో కప్చాయ్: ఒక ధీమా చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో మాటల మీద చెప్పుకుపోయిన సంగతులు కొన్ని, టైం చాలక వదిలేసినవి కొన్ని ఉన్నాయి. సంవత్సరాలు, లెక్కలు వినేటప్పుడు చెవిలో నిలబడవు కాబట్టి అవన్నీ ఒక వరసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

మన ఊళ్ళ నుంచి కొత్తగా మలేషియా వచ్చినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇంత వానలో వీళ్ళు ఆ చిన్న బండి మీద అలా ఎలా పోతారు? భయం ఉండదా?" అని. కౌలాలంపూర్‌లో ఏడాదికి 2,400 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేదానికి దాదాపు మూడు రెట్లు. అదీ చాలాసార్లు సరిగ్గా పని దిగే వేళకే పడుతుంది. ఆ వానలో జాకెట్టు వెనకది ముందుకు తొడుక్కుని, 110 సీసీ బండి మీద వరసగా వెళ్ళే మనుషుల్ని చూస్తే కొత్తవాళ్ళకి ఆశ్చర్యమే.

వాళ్ళకి భయం లేక కాదు. తెగింపు వేరు, ధీమా వేరు. తెగింపు ఒక మనిషికి ఒక్క పూటలో వస్తుంది. ధీమా అలా రాదు, దాన్ని కట్టాలి. వానలో చిన్న బండి నడిపే ధీమాని ఈ దేశంలో అరవై ఏళ్ళకు పైగా ఒక్కొక్క వరస పేర్చుకుంటూ కట్టారు. కొంత బండి చేసినవాళ్ళు కట్టారు, కొంత చట్టం చేసినవాళ్ళు, కొంత రోడ్డు వేసినవాళ్ళు. మిగిలినది నడిపేవాడు కట్టుకోవాలి.

మొదటి వరస బండిది. 1958లో జపాన్‌లో హోండా కంపెనీ సూపర్ కబ్ అనే బండిని బయటికి తెచ్చింది. ఇంజను 49 సీసీ, శక్తి నాలుగున్నర హార్స్‌పవర్. ఇంజనీరింగ్ సంగతి సోయిచిరో హోండా చూస్తే, అమ్మకాలూ లెక్కలూ చూసిన ఆయన తకియో ఫుజిసావా. అప్పట్లో జపాన్ రోడ్లు చాలావరకు మట్టిరోడ్లే. వానొస్తే బురద. అందుకే చక్రాలు 17 అంగుళాలవి పెట్టారు. స్కూటర్ చిన్న చక్రం గుంటలో పడితే బండి మొత్తం ఊగిపోతుంది, పెద్ద చక్రం ఆ గుంటని దాటేస్తుంది. కాళ్ళ ముందు ప్లాస్టిక్ కవచం పెట్టారు, నీళ్ళూ బురదా మనిషి మీద పడకుండా. చైనుని పూర్తిగా డబ్బాలో మూసేశారు. ఎడమ చేతికి క్లచ్ లివర్ లేకుండా ఆటోమేటిక్ క్లచ్ పెట్టారు. నూడుల్స్ పళ్ళెం ఒక చేత్తో మోస్తూ ఇంకో చేత్తో బండి నడిపే కుర్రాడికి కూడా పనికిరావాలన్నది వాళ్ళ ఆలోచన.

ఆ క్లచ్‌కీ వానకీ సంబంధం ఏమిటంటారా? కొత్తవాడికి వానలో వచ్చే సగం కంగారు క్లచ్ దగ్గరే వస్తుంది. ట్రాఫిక్‌లో నీళ్ళ మధ్య ఆగి, మళ్ళీ కదిలేటప్పుడు క్లచ్ గబుక్కున వదిలితే బండి ఆగిపోతుంది, లేదా వెనక చక్రం ఒక్కసారి తిరిగి జారుతుంది. కబ్ లాంటి బండిలో ఆ గొడవ లేదు. పైగా బరువు తక్కువ, సీటు ఎత్తు తక్కువ. రెండు కాళ్ళూ నేలకి ఆనతాయి.

ఈ బండిని మలేషియాకి, అప్పటి మలయాకి, తెచ్చింది పెనాంగ్ వ్యాపారి లో బూన్ సియూ. మెకానిక్‌గా బతుకు మొదలుపెట్టిన మనిషి. 1958లో జపాన్ వెళ్ళి ఈ బండిని చూసి, ఇక్కడ అమ్మే హక్కు తెచ్చుకున్నాడు. కబ్ అనే మాటకి చైనీస్‌లో చిన్నది అనే అర్థం వచ్చే చాయ్ తగిలి కప్చాయ్ అయింది. ఇప్పుడు ఏ కంపెనీ చేసినా ఆ ఆకారంలో ఉంటే అది కప్చాయే. 1996లో కెడాలోని గురున్ ఫ్యాక్టరీ నుంచి మలేషియా సొంత కంపెనీ మొడెనాస్ క్రిస్ అనే 110 సీసీ బండిని తెచ్చింది. అదీ ఈ కుటుంబంలోదే. రబ్బరు తోటల ఎర్రమట్టి దారుల నుంచి టౌను రోడ్ల దాకా సామాన్యుడి బండి ఇదే అయింది. హోండా కబ్ బండ్లు ప్రపంచం మొత్తం మీద 10 కోట్లు దాటింది 2017లో.

రెండో వరస చట్టానిది. బండ్లు పెరిగేకొద్దీ చావులూ పెరిగాయి. 1973లో హెల్మెట్ తప్పనిసరి అన్నారు. 1992లో ఇంకో నియమం వచ్చింది. బండి నడుస్తున్నంతసేపూ, పట్టపగలైనా సరే, హెడ్‌లైట్ వెలగాల్సిందే. చూడటానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ వానలో బండివాడికి జారడం ఒక్కటే ప్రమాదం కాదు, కనపడకపోవడం కూడా ప్రమాదమే. కారు అద్దం మీద నీళ్ళు, వైపర్ తిరుగుతుంటుంది, పక్క అద్దం మసకేసి ఉంటుంది. అందులో బూడిదరంగు రోడ్డు మీద చిన్న బండి ఆనవాలు ఉండదు. ఒక్క లైటు ఉంటే చుక్కలాగా తెలుస్తుంది. ఈ నియమం వచ్చాక, బండి కనపడక జరిగే ప్రమాదాలు సుమారు 29 శాతం తగ్గాయని ఇక్కడి పరిశోధకుడు రదిన్ ఉమర్ బృందం లెక్క తేల్చింది. మన ఇండియాలో కొత్త బండ్లకి లైటు దానంతట అదే వెలిగే నియమం వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అంటే పాతికేళ్ళ తర్వాత.

మూడో వరస రోడ్డుది. ఇది మా పనికి దగ్గరది కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. కౌలాలంపూర్ నుంచి క్లాంగ్ వైపు పోయే ఫెడరల్ హైవే పక్కన బండ్లకి మాత్రమే ఒక దారి ఉంది. 1970లలో ప్రపంచ బ్యాంకు సాయంతో వేసిన రోడ్డు పనిలో భాగంగా దాన్ని కట్టారు. బండ్లకి విడిగా దారి అనేది ప్రపంచంలోనే చాలా అరుదు. 1990లలో ఆ దారిని పొడిగించారు. పొడిగించిన భాగంలో బండ్ల ప్రమాదాలు సుమారు 39 శాతం తగ్గాయని అదే బృందం తేల్చింది. వానలో ఆ దారి విలువ ఏమిటో లారీ పక్కన బండి నడిపినవాడికి తెలుస్తుంది. లారీ చక్రం ఎగజిమ్మే నీళ్ళకి రెండు మూడు సెకన్లు కళ్ళు కనపడవు. ఆ దారిలో లారీ ఉండదు.

అయితే ఆ దారికీ లోపాలున్నాయి. మలుపులు ఇరుకు, కొన్ని చోట్ల పల్లంలో నీళ్ళు నిలుస్తాయి. వాన పెద్దదైతే బండ్లన్నీ ఫ్లైఓవర్ల కింద ఆగిపోతాయి. రోడ్డు అంచున అలా ఆగినవాళ్ళని వెనకనుంచి వచ్చిన వాహనాలు గుద్దిన సంఘటనలు ఉన్నాయి. అందుకే కొన్ని హైవేల మీద బండివాళ్ళు ఆగడానికి విడిగా షెడ్లు కట్టారు. నా ఉద్దేశంలో ఆ షెడ్డు కూడా ధీమాలో భాగమే. ఎక్కడ ఆగాలో తెలిసినవాడు భయంతో నడపడు.

ఇంత చేసినా ఈ దేశంలో రోడ్డు మీద పోయే ప్రాణాల్లో ప్రతి పదింటిలో ఆరు బండివాళ్ళవే. గోడ సగమే లేచింది. మిగతా సగం ఇంకా కట్టాలి.

ఇప్పుడు టైరు సంగతి. వానలో టైరు నీళ్ళ మీద తేలిపోతుందని చాలామంది భయపడతారు. దీని మీద అసలు లెక్క విమానాల దగ్గర పుట్టింది. 1963లో అమెరికా నాసా పరిశోధకుడు వాల్టర్ హోర్న్, తన సహచరుడితో కలిసి, టైరు ఎంత వేగంలో నీళ్ళ మీద తేలుతుందో చెప్పే సూత్రం ఇచ్చాడు. అది టైరులో గాలి మీద ఆధారపడుతుంది. 30 పీఎస్‌ఐ గాలి ఉంటే ఆ లెక్కలో గంటకి సుమారు 90 కిలోమీటర్లు. బండి టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి నీళ్ళని ఇంకా బాగా చీల్చుకుపోతుంది. అంటే 40, 50 మీద పోయే కప్చాయ్ నీళ్ళ మీద తేలిపోవడం అనేది దాదాపు లేదు, టైరులో గాలి ఉండి, గాడులు అరిగిపోకుండా ఉంటే.

మరి ఎక్కడ జారుతుంది? తెల్ల గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద, వంతెన అతుకుల ఇనుము మీద జారుతుంది. తవ్విన గోతుల మీద మాలాంటి వాళ్ళు పరిచే ఇనుప పలకల మీద జారుతుంది. ఎండిన రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తొలివానకి పైకి తేలి జారుతుంది. సైటు గేటు దగ్గర లారీ చక్రాలు కడగకుండా వదిలితే రోడ్డెక్కే ఎర్రమట్టి మీద కూడా జారుతుంది. ఈ జాబితాలో సగం మన పనివాళ్ళ చేతిలోనే ఉన్నాయి. గేటు దగ్గర చక్రాలు కడిగే తొట్టి ఎందుకురా అని విసుక్కునే కుర్రాళ్ళకి నేను చెప్పే జవాబు ఇదే. ఆ మట్టి మీద మొదట పడేది సాయంత్రం ఇంటికి పోయే మనవాడే.

ఇక ఆఖరి వరస, నడిపేవాడిది. ఇక్కడ 250 సీసీ లోపు బండ్లకి ఇచ్చే బి2 లైసెన్సు పరీక్షలో తీతీ అని ఒక అంశం ఉంది. సన్నటి గట్టు లాంటి దారి మీద కాలు కింద పెట్టకుండా మెల్లగా దాటాలి. చాలామంది దీన్ని తతంగం అనుకుంటారు. వాన రోడ్డు మీద కావలసినది సరిగ్గా ఈ విద్యే. మెల్లగా పోతూ బండిని నిలబెట్టడం, భుజాలు బిగపట్టకుండా ఉండటం, చక్రం ముందు కాకుండా దూరంగా చూడటం.

కొత్తవాళ్ళకి నేను చెప్పే వరస ఇది. మొదటి వానలోనే హైవే ఎక్కొద్దు. చినుకులు పడే రోజు, ఖాళీ రోడ్డు చూసుకుని, 20 మీద పోతూ రెండు బ్రేకులూ మెల్లగా నొక్కుతూ ఎంత దూరంలో ఆగుతుందో చూసుకోండి. తర్వాత 30 మీద. డ్రమ్ బ్రేకులో నీళ్ళు చేరితే పట్టు తగ్గుతుంది. లోతు నీళ్ళు దాటాక కొంచెం దూరం బ్రేకు తేలిగ్గా నొక్కి పెడితే ఆ వేడికి ఆరుతుంది. బ్రేకు పని మలుపుకి ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. గేరు తగ్గించేటప్పుడు ఒక్కొక్కటే తగ్గించండి. గబగబా రెండు తొక్కితే వెనక చక్రం పట్టేసినట్టై జారుతుంది. గీతలూ మూతలూ దాటేటప్పుడు బండి వంచొద్దు, యాక్సిలరేటర్ తిప్పొద్దు, బ్రేకు వెయ్యొద్దు. వాన మొదలైన పావుగంట ఎక్కడైనా ఆగండి, ఆ నూనె కొట్టుకుపోతుంది. అయితే రోడ్డు అంచున కాదు, రోడ్డు వదిలి లోపలికి.

ఇలా పది వానలు గడిస్తే చేతులు వాటంతట అవే మెత్తబడతాయి. ఎండలో ఎంత పట్టు ఉందో, వానలో ఎంత తగ్గిందో ఒంటికి తెలిసిపోతుంది. అప్పుడది ధీమా.

కానీ ఆ పావుగంట ఆగే వీలు మనిషికి ఎవరు ఇవ్వాలి? నేను ఇంతకుముందు పనిచేసిన ఒక సైటులో వేలిముద్ర మెషీన్‌లో పది నిమిషాలు ఆలస్యమైతే అరపూట కూలి పోయేది. అక్కడ పొద్దుటి వానలో కుర్రాళ్ళు ఎలా నడిపేవారో చూశాను. బండి అదే, లైటు అదే, రోడ్డు అదే, చెయ్యి తిరిగినవాళ్ళే. అయినా అరవై ఏళ్ళ ధీమా ఆ అరపూట కూలి దగ్గర తెగింపుగా మారిపోయేది. ఇప్పుడు నా చేతి కింద ఉన్న గ్యాంగులకి వాన పడిన పొద్దున అరగంట వెసులుబాటు ఉంది. హాజరు పుస్తకంలో ఎర్ర సిరా పడదు. పని ఆ అరగంట వల్ల ఎప్పుడూ వెనకబడలేదు. సూపర్‌వైజర్లు, ఫోర్‌మన్లు ఎవరైనా ఇది వింటుంటే, మీ సైటులో కూడా ఈ ఒక్క వరస పేర్చండి. దీనికి సిమెంటు ఖర్చు కూడా లేదు.