మస్త్ కలందర్ మెషీన్ల మధ్యకు వెళ్ళినప్పుడు

1990లో ఇంగ్లండ్‌లోని బాక్స్ అనే పల్లెలో, రియల్ వరల్డ్ స్టూడియోలో, ఒక గొంతును టేపు మీద కోసి అతికించారు. ఆ గొంతు ఉస్తాద్ నుస్రత్ ఫతే అలీ ఖాన్‌ది. కోసి అతికించే పని కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌ది. ఆల్బం పేరు ‘మస్త్ మస్త్’. ఆ కోతల్లో కొన్నిచోట్ల కలామ్ సగానికి తెగిపోయింది. ఉస్తాద్ దానికి రాజీ కాలేదు. ఆ ఎతిరాజ్ చిన్నదే. కానీ ఖవ్వాలీకీ మెషీన్‌కీ మధ్య అసలు పేచీ ఎక్కడుందో అది చూపించింది.

ముందు ఖవ్వాలీ ఎలా నడుస్తుందో చూద్దాం. అది రాసుకొచ్చి అప్పజెప్పే పాట కాదు. కలామ్ ఒకటి ఉంటుంది, దాని ధున్ ఒకటి ఉంటుంది. మిగతాదంతా మెహఫిల్‌లోనే, అప్పటికప్పుడు పుడుతుంది. ఒక మిస్రా పాడుతూ ఖవ్వాల్ మధ్యలో ఇంకో షాయర్ షేర్‌ని తెచ్చి ముడి వేస్తాడు. దీన్ని గిరహ్ అంటారు. మాటలు వదిలేసి సర్గమ్‌లోకి దూకుతాడు, మళ్ళీ మాటకొస్తాడు. వెనుక చప్పట్లు, తబలా అతని వెంటే పోతాయి. వినేవాళ్ళలో ఎవరి దిల్‌కైనా ఒక మాట తగిలిందా, ఇక ఆ మాటే మళ్ళీ మళ్ళీ. అదే తక్రార్. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఖవ్వాలీ విన్నవాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

వినేవాడు వజ్ద్‌లో ఉండగా ఆ మిస్రాను వదిలి ముందుకు పోకూడదన్నది సమా అదబ్. చిష్తీ తజ్కిరాల్లో ఖ్వాజా కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ వాకియా చాలామందికి తెలుసు. 1235లో ఢిల్లీలో ఒక ఫార్సీ షేర్ విని ఆయన వజ్ద్‌లోకి వెళ్ళారు. రోజుల తరబడి ఆ షేర్‌నే పాడారు. చివరికి ఆ హాలత్‌లోనే ఆయన ఇంతెఖాల్ అయ్యారని రాశారు. అంటే తక్రార్ ఎంతసేపు అన్నది పాడేవాడి చేతిలో లేదు, వినేవాడి దిల్‌లో ఉంది.

ఇక బాజాల సంగతి. ‘ఖవ్వాలీలోకి ఫరంగీ మెషీన్ ఎందుకు’ అనేవాళ్ళు ఒక్కసారి హార్మోనియం వైపు చూడాలి. దానికి 1842లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నారు. కలకత్తాలో దాన్ని కింద కూర్చుని ఒక చేత్తో గాలి కొట్టుకుంటూ వాయించేలా మార్చారు. మన సంగీతానికి పనికిరాదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టింది. ఖవ్వాల్‌లు మాత్రం పట్టించుకోలేదు. ఈ రోజు హార్మోనియం లేని ఖవ్వాల్ పార్టీని ఊహించగలమా? కాబట్టి పరాయి బాజా రావడం కొత్త కాదు, అదొక్కటే తప్పూ కాదు. వచ్చిన బాజా పాడేవాడి వెంట నడుస్తుందా, అతన్ని తన వెంట నడిపిస్తుందా అన్నదే సవాల్.

నుస్రత్ 1948లో లాయల్‌పూర్‌లో, అంటే ఇప్పటి ఫైసలాబాద్‌లో పుట్టారు. ఖాందాన్ బటవారా ముందు జలంధర్‌ది, తరాలుగా ఖవ్వాలీ వాళ్ళ పేషా. 1964లో వాలిద్ ఫతే అలీ ఖాన్ పోయారు. 1971లో చాచా ముబారక్ అలీ ఖాన్ తర్వాత పార్టీ బాధ్యత ఈయన మీద పడింది. 1985లో ఇంగ్లండ్‌లోని మెర్సీ ద్వీపంలో జరిగిన వోమాడ్ ఉత్సవంలో పాడారు. వోమాడ్‌ని మొదలుపెట్టినవాళ్ళలో పీటర్ గాబ్రియేల్ ఒకరు. రియల్ వరల్డ్ స్టూడియో కూడా ఆయనదే. ‘మస్త్ మస్త్’కి దారి అక్కడి నుంచే పడింది.

ఆ ఆల్బంలో ఒక పక్క నుస్రత్ గొంతు, ఫర్రుఖ్ ఫతే అలీ ఖాన్ హార్మోనియం, దిల్దార్ హుసేన్ తబలా. ఇంకో పక్క బేస్ గిటార్, కీబోర్డులు, ఎలక్ట్రానిక్ తాళాలు. బ్రూక్ చేతిలో తను తయారు చేసుకున్న ‘ఇన్ఫినిట్ గిటార్’. మామూలు గిటార్ తీగ మీటితే స్వరం కాసేపటికి ఆరిపోతుంది. ఇందులో తీగ కదలికను ఎలక్ట్రానిక్ సర్క్యూట్ తిరిగి తీగకే అందిస్తుంది, కాబట్టి స్వరం ఆగదు. ఇది మనకు కొత్తేం కాదు. తంబూరా చేసే పని కూడా అదేగా! ఆలాప్ కింద ఆరని సుర్ పరచి ఉంచడం. అందుకే ఆ రికార్డులో మెషీన్, గొంతు చాలాచోట్ల కొట్లాడుకోవు.

పేచీ వచ్చింది కోతల దగ్గర. బ్రూక్ రికార్డు చేసినదాన్ని పాశ్చాత్య పాటల కొలతకు సర్దాడు. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అతనికి తెలియదు. కొన్నిచోట్ల మానీ పోయింది. వింతేమిటంటే, ఉత్త సర్గమ్‌ని కోసినచోట కూడా ఉస్తాద్ ఒప్పుకోలేదు. మాట లేని స్వరానికి కూడా ఒక జుమ్లా ఉంటుంది, దాన్ని మధ్యలో తెంచకూడదు. రికార్డు పూర్తికాక ముందే సంగతి బయటపడింది కాబట్టి సరిచేశారు. ఈ విషయం బ్రూక్ తర్వాత తనే చెప్పాడు.

అదే ఆల్బం చివర్లో మాసివ్ అటాక్ అనే బ్రిస్టల్ బృందం చేసిన రీమిక్స్ ఉంది. ఇంగ్లండ్ క్లబ్బుల్లో కుర్రకారు దానికి చిందులేశారు. సింద్‌లోని సెహ్వాన్‌లో ఉన్న లాల్ షహ్‌బాజ్ కలందర్ పేరు మీద పాడే పాటకు డ్రమ్ మెషీన్ తోడైంది. అక్కడ నుస్రత్ గొంతు లూప్‌లో తిరుగుతుంది. తక్రార్‌కీ లూప్‌కీ ఫరక్ అక్కడే తెలుస్తుంది. రెండూ ఒకే ముక్కను తిప్పి చెప్పేవే. కానీ తక్రార్‌లో ప్రతిసారీ స్వరం కాస్త మారుతుంది, ఎదుటివాడి ముఖం చూసి మారుతుంది. లూప్ ఎవరి ముఖమూ చూడదు. నాలుగేళ్ళకు, 1994లో, బంబయి సినిమా ‘మొహ్రా’లో ఆ ‘మస్త్ మస్త్’ మళ్ళీ వినబడింది. అందులో కలందర్ లేడు, ఒక అమ్మాయి అందం ఉంది. మెషీన్ సగానికి కోసిన మాటను ఉస్తాద్ సరిచేయించారు. బజార్ కోసినదాన్ని ఎవరు సరిచేయిస్తారు?

ఉస్తాద్ మాత్రం ఎలక్ట్రానిక్స్‌కి పీఠ్ చూపించలేదు. బ్రూక్‌తోనే తర్వాత ‘నైట్ సాంగ్’ చేశారు. 1997 ఆగస్టు 16న లండన్‌లో పోయారు, 48 ఏళ్ళకే.

2024లో రియల్ వరల్డ్ ‘చైన్ ఆఫ్ లైట్’ అనే ఆల్బం విడుదల చేసింది. 1990 ఏప్రిల్‌లో అదే స్టూడియోలో రికార్డయి, ముప్పై ఏళ్ళకు పైగా గోదాములో పడివున్న టేపు అది. అందులో నాలుగు ఖవ్వాలీలు ఉన్నాయి, పాత తరీఖాలో, హార్మోనియం, తబలా, చప్పట్లతో. అంటే ‘మస్త్ మస్త్’ వచ్చిన ఏడాదే ఆయన ఆ కప్పు కిందే ఇదీ పాడారు. మెషీన్ దగ్గరకు వెళ్ళిన మనిషి ఇల్లు వదిలి వెళ్ళలేదు. పిల్లలకు ‘మస్త్ మస్త్’ వినిపించే అమ్మీ అబ్బాలు దాని వెంటే ఇది కూడా వినిపించండి. ఏది తక్రార్, ఏది లూప్ అన్నది వాళ్ళ చెవులే చెబుతాయి.