నడుము నొప్పికీ ఒక చరిత్ర ఉంది

పెళ్లిళ్లలో మన పెద్దవాళ్లు ఎదురుపడితే పిల్లల క్షేమం అడిగాక వచ్చే ప్రశ్న, "నడుము ఎట్లున్నది?" సోలాపూర్‌లో అయినా, భీవండిలో అయినా, బరంపురంలో అయినా ఇదే పలకరింపు. వలస వచ్చేటప్పుడు మన తాతలు భాషనీ, దేవుణ్ణీ, మగ్గాన్నీ వెంట తెచ్చుకున్నారని సంఘం చరిత్రల్లో రాసుకున్నాం. నొప్పినీ తెచ్చుకున్నారని మాత్రం రాసుకోలేదు.

గుంటమగ్గంలో కాళ్లు కిందికి దించి నేల మట్టాన కూర్చుంటే వీపుకు ఆనుకునేది ఏమీ ఉండదు. మెడ వంచే ఉండాలి. కూర్చునే ఎముక కింద మెత్తటి సంచి ఒకటి ఉంటుంది. అది గట్టి పలక మీద ఒరుసుకుని వాస్తే ఇంగ్లండులో దానికి 'వీవర్స్ బాటమ్' అని పేరే పెట్టారు, అంటే నేతగాడి పిర్ర! నవ్వొచ్చే పేరే గానీ కూర్చోలేని వాడికి నవ్వు రాదు.

1733లో జాన్ కే తాడు లాగితే పరుగెత్తే నాడెకు పేటెంటు తీసుకున్నాడు. అది మద్రాసు ప్రెసిడెన్సీ మగ్గాల్లో బాగా వ్యాపించింది 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లోనే. బట్ట తొందరగా దిగింది, కూలీ నాలుగు డబ్బులు పెరిగింది. కానీ నాడెను ఈ చేతి నుంచి ఆ చేతికి విసిరే పని పోయి, రోజంతా ఒకే చేత్తో తాడు లాగే పని వచ్చింది. నొప్పి ఆ భుజంలోకి చేరింది. సోలాపూర్‌లో 1877లో మిల్లు వచ్చింది, తర్వాత పవర్‌లూములు వచ్చాయి. అక్కడ నిలబడే పని, నొప్పి పిక్కల్లోకి దిగింది. మగ్గం మారినప్పుడల్లా నొప్పి చోటు మారిందే తప్ప ఒంటిని వదలలేదు.

ఎముక విరిగితే ఎక్స్‌రేలో తెలుస్తుంది. కండరాల బాధ అందులో కనబడదు. అందుకే "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి" అనే మాట విని మనవాళ్లు తలవంచుకుని వస్తారు, అబద్ధం చెప్పినట్టు. మూడు నెలలు దాటి నిలిచిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అప్పటికి నరాలూ మెదడూ ఆ బాధకు అలవాటు పడవు సరికదా, ఇంకా సున్నితమవుతాయి. చిన్న ఒత్తిడి కూడా పెద్దగా తగులుతుంది. నిద్ర చాలకపోతే మరీ ఎక్కువ. కొత్త దెబ్బ లేకపోయినా ఆ నొప్పి నిజమే.

ఆడవాళ్ల నొప్పి సంగతి ఇంకా వెనకబడింది. పోచంపల్లి తరహా చిటికి చీరకు ముందు ఆసు పోయాలి. నడిమి మేకుకూ, ఎదుటి మేకుల వరసకూ మధ్య చేయి చాచి చాచి నూలు చుట్టాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు అని లెక్క. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మికి భుజాలు పడిపోతుంటే ఆయన ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం చేశాడు, దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇన్ని తరాల్లో ఆ పనికి ఒక యంత్రం కావాలని ఎవరికీ ఎందుకు తోచలేదు? అది పని అని మనమే లెక్కపెట్టలేదు గనక, అనుకుంటున్నాం.

ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం రాశాడు. రోగిని వైద్యుడు అడగాల్సిన వాటిలో "నీ పని ఏమిటి?" అన్నది కూడా చేర్చాలని అన్నాడు. మా ఇంటి పెద్దమ్మను సోలాపూర్‌లో ఒక డాక్టరు ఆ ప్రశ్నే అడిగాడు. నలభై ఏళ్లు పగలు కండెలు చుట్టి, రాత్రి బీడీలు చుట్టిన మనిషి.

"ఏం లేదయ్యా, ఇంట్లనే ఉంట" అన్నది.