ఇల్లు నిలబెట్టి చూడు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టినవాళ్ళని ఎవరినైనా కదిపి చూడండి, కట్టడం ఒక ఎత్తయితే నిలబెట్టడం ఇంకొక ఎత్తంటారు. వానాకాలం ముందు పైకప్పు చూసుకోవాలి, చెదపట్టిన గుమ్మం మార్పించాలి, పండక్కి సున్నాలు వేయించాలి. వీటికి అంతూ పొంతూ ఉండదు. మన ఇల్లయితే సరే, తప్పదు. ఎవరిదో ఇల్లు, ఎప్పుడో పోయినవారి ఇల్లు, చుట్టరికమైనా లేనివారి ఇల్లు నిలబెట్టడానికి కొందరు ఆడవాళ్ళు చందాలు పోగుచేశారనీ, 160 ఏళ్ళు దాటినా ఆ సంఘం వారు ఆ పని మానలేదనీ చెబితే ఏమంటారు? “వాళ్ళకేం పనిలేదా?” అనే కదూ! నేనూ అలాగే అనుకుని ఉండేదాన్ని, ఆ ఇంటి వరండాలో కూర్చోకపోయి ఉంటే.

ఆ ఇంటి పేరు మౌంట్ వెర్నన్. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ కాపురమున్న ఇల్లు. రాజధాని నగరానికి దక్షిణంగా సుమారు 15 మైళ్ళ దూరాన, వర్జీనియా రాష్ట్రంలో పొటోమాక్ నది ఒడ్డున ఉంది. ఆ చుట్టుపక్కల మన తెలుగు పిల్లలు చాలామంది ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ళని చూడడానికి వెళ్ళిన మనలాంటివాళ్ళని శ్వేతసౌధం గట్రా చూపించాక ఏదో ఒక ఆదివారం ఇక్కడికీ తీసుకొస్తారు. నేనూ అలాగే వెళ్ళాను. టిక్కెట్టు ధరని అలవాటుకొద్దీ రూపాయల్లోకి మార్చి చూసుకుని గుండె పట్టుకున్నాను. “ఇదేమైనా తిరపతా, ఇంత పెట్టి ఒక ఇల్లు చూడటానికి?” అన్నాను కూడా.

దూరంనించి అది రాతి మేడలా కనిపిస్తుంది. దగ్గరకెళ్తే తెలుస్తుంది, అంతా చెక్కే! పలకల్ని రాతి దిమ్మల ఆకారంలో చెక్కి, రంగు తడిగా ఉండగానే దానిమీద ఇసక చల్లించాడట ఆ మహానుభావుడు. దేశాన్ని గెలిచినవాడికి కూడా ఇల్లు నలుగురిలో గొప్పగా కనిపించాలన్న తాపత్రయం తప్పలేదన్నమాట! నాకెందుకో ఆయన ఒక్కసారిగా దగ్గరివాడైపోయాడు. నదివైపు ఎనిమిది స్తంభాల పొడుగాటి వరండా ఉంది. అక్కడ కుర్చీలు వేసి ఉంచారు, ఎవరైనా కూర్చోవచ్చు. ఎదురుగా వెడల్పాటి నది, అవతలి ఒడ్డున చెట్లు తప్ప ఇంకేమీ లేదు. ఈ స్తంభాల దగ్గరే కథ మొదలైంది.

వాషింగ్టన్ 1799 డిసెంబరులో పోయాడు. ఆయనకు సొంత బిడ్డలు లేరు. ఇల్లు అన్నదమ్ముల పిల్లల చేతుల్లోకి, వాళ్ళ పిల్లల చేతుల్లోకి మారింది. భూమిలో సారం పోయింది, పంటలు గిట్టలేదు. పైగా, చూడవచ్చే జనానికి లెక్కలేదు. కాదంటే చెడ్డపేరు, రమ్మంటే ఖర్చు. 1850ల నాటికి ఆ ఇల్లు జాన్ ఆగస్టీన్ వాషింగ్టన్ అనే ఆయన చేతికొచ్చింది. అప్పటికి వరండా స్తంభాలు పుచ్చి, కప్పు కూలకుండా దుంగలు ఆనించే స్థితి. కేంద్రప్రభుత్వాన్ని కొనమని అడిగితే కొనలేదు. వర్జీనియా ప్రభుత్వమూ సొమ్ము మంజూరు చెయ్యలేదు. ఉపన్యాసాల్లో జాతిపిత అని పొగడనివాడు లేడు, పుచ్చిన స్తంభం మార్చేవాడూ లేడు. ఇది మనం ఎరగని వైనమేమీ కాదు.

1853లో ఒక వెన్నెల రాత్రి లూయిసా కన్నింగ్‌హామ్ అనే ఇల్లాలు ఆవిరి పడవలో ఆ నది మీద వెళ్తోంది. మౌంట్ వెర్నన్ ఎదురుగా రాగానే మర్యాదగా గంట కొట్టడం అప్పటి పడవల ఆచారం. గంట విని ఆవిడ బయటికొచ్చి చూసింది. ఇల్లు చూసి ఆవిడ మనసు చివుక్కుమంది. దక్షిణ కరోలినాలో ఉన్న కూతురికి ఉత్తరం రాసింది: మగవాళ్ళు ఈ ఇంటిని కాపాడలేకపోతే ఆడవాళ్ళే ఎందుకు పూనుకోకూడదని ఆ ఉత్తరం సారాంశం.

ఆ కూతురి పేరు ఆన్ పమేలా కన్నింగ్‌హామ్. చిన్నతనంలో గుర్రం మీంచి పడి వెన్నెముక దెబ్బతిని, ఎక్కువకాలం మంచం మీదే గడిపిన మనిషి. పెళ్ళి కాలేదు. 37వ ఏట, ఇక జీవితంలో చెయ్యగలిగిందేమీ లేదనుకునే స్థితిలో, ఆమె కలం పట్టింది. దక్షిణాది స్త్రీలను ఉద్దేశించి రాసిన విజ్ఞప్తి ఆ డిసెంబరు 2న చార్లెస్టన్ పత్రికలో పడింది. కింద తన పేరు పెట్టుకోలేదు. “ఒక దక్షిణాది గృహిణి” అని మాత్రమే సంతకం. మర్యాదస్తుల ఇళ్ళలో ఆడదాని పేరు పత్రికలకెక్కడం తప్పుగా చూసే రోజులవి. ఓటు సంగతి సరేసరి, అది రావడానికి 1920 దాకా ఆగాల్సి వచ్చింది.

మొదట దక్షిణాది వరకే అనుకున్న పని త్వరలోనే దేశమంతటిదీ అయింది. రాష్ట్రానికొక బాధ్యురాలు, ఆమె కింద ఊరూరా చందాలు అడిగేవాళ్ళు. అయితే ఇంటి యజమానే ఒప్పుకోడే! 1856లో పమేలా స్వయంగా వెళ్ళింది. ఆయన కుదరదన్నాడు. ఇంతలో ఆమె ఎక్కాల్సిన పడవ తప్పిపోయింది. ఆ రాత్రి అక్కడే ఉండాల్సి వచ్చింది. ఆమె తరవాత చెప్పుకున్న ప్రకారం, మాటల్లో ఆయన మనసులోని ముల్లు బయటపడిందట. ఈ అమ్మకం వ్యవహారంలో తనను నలుగురిలో తక్కువ చేశారని ఆయన బాధ. ఆమె ధర గురించి బేరం మానేసి, జరిగినదానికి తాను నొచ్చుకుంటున్నానని చెప్పి చెయ్యి చాచింది. మంచు కరిగింది. పడవ వేళకు అందుకుని ఉంటే ఏమయ్యేదో మరి!

1858 ఏప్రిల్‌లో ఒప్పందం రాసుకున్నారు. 200 ఎకరాలు, 2 లక్షల డాలర్లు. అందులో 18,000 ముందు చెల్లించాలి. మిగతాది వాయిదాల మీద. ఆ డబ్బు ఎలా వచ్చిందనుకున్నారు? ఎడ్వర్డ్ ఎవరెట్ అని ఆనాటి మహావక్త ఉండేవాడు. ఈయన వాషింగ్టన్ మీద ఒకే ఉపన్యాసాన్ని ఊరూరా నూరుసార్లకు పైగా ఇచ్చి, దాదాపు 69,000 డాలర్లు సంపాదించి ఈ స్త్రీలకు ఇచ్చేశాడు. అందులో 10,000 ఒక వారపత్రికకు ఏడాదిపాటు వ్యాసాలు రాసిపెట్టినందుకు వచ్చిన ప్రతిఫలం. వారపత్రికలు ఇళ్ళు కూడా నిలబెడతాయి సుమండీ! తక్కినదంతా ఒక డాలరూ, రెండు డాలర్లూగా ఇళ్ళల్లోంచి వచ్చిందే. 1860 ఫిబ్రవరి 22న, వాషింగ్టన్ పుట్టినరోజు నాడు, ఇల్లు సంఘం స్వాధీనమైంది.

తాళాలు చేతికొచ్చాయిగానీ ఇంట్లో ఏముంది? దాదాపు ఖాళీ. మిగిలిన కొద్ది వస్తువుల్లో వాషింగ్టన్ మట్టి ప్రతిమ, ఒక భూగోళం, బాస్టీల్ కోట తాళంచెవి ముఖ్యమైనవి. ఆ తాళంచెవి 1790లో ఫ్రెంచి స్నేహితుడు లఫాయెత్ పంపించింది. ఇప్పటికీ నడవ గోడకు అద్దాల పెట్టెలో వేలాడుతోంది. జరూరుగా చెయ్యాల్సిన మరమ్మతులు మొదలుపెట్టారో లేదో 1861లో అంతర్యుద్ధం వచ్చిపడింది. ఉత్తరాదివారూ దక్షిణాదివారూ కత్తులు దూసుకున్నారు. ఇల్లు సరిగ్గా రెండు సైన్యాల మధ్యన! పమేలా దక్షిణ కరోలినాలో చిక్కుకుపోయింది.

అప్పుడు ఇంటిని కనిపెట్టుకుని ఉన్నది సారా ట్రేసీ అనే కార్యదర్శిని. ఆవిడది ఉత్తరాది, ఇంటి పర్యవేక్షకుడు అప్టన్ హెర్బర్ట్‌ది దక్షిణాది. లోకం ఏమైనా అంటుందేమోనని తోడుగా ఇంకొక స్త్రీని పెట్టుకుంది. ఏ పక్షం సైనికుడొచ్చినా ఆయుధాలు గుమ్మం బయట పెట్టి రావాలి, యూనిఫారం మీద శాలువా కప్పుకోవాలి అని కట్టడి చేసింది. మాటకి కట్టుబడి అంతా అలాగే వచ్చి చూసి వెళ్ళారట. చుట్టూ దేశం తగలబడుతుంటే ఆ ఒక్క ఇంటి మీద గుండు పడలేదు. పడవలు ఆగిపోయి, మనిషికి 25 సెంట్ల చొప్పున వచ్చే టిక్కెట్టు డబ్బు కూడా లేకపోతే, సారా పెరటి కూరగాయలు అమ్మించింది. ఇంటి అమ్మకపు సొమ్ము యుద్ధంలో గల్లంతు కాకుండా, కోడిగుడ్ల బుట్టలో అడుగున దాచి ఊరు దాటించిందని కూడా చెబుతారు. పోపులపెట్టెలో డబ్బు దాచిన చేతులు మనవి. మనకీ విద్య వేరే ఎవరూ నేర్పక్కర్లేదు! అన్నట్టు, యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు సారా, హెర్బర్ట్ పెళ్ళి చేసుకున్నారు.

పమేలా 1874లో బాధ్యత వదులుకుంది. మరుసటి ఏడాది పోయింది. ఇంటిని ఉన్నది ఉన్నట్టుగా ఉంచండి, మార్పు చేతికి చిక్కనివ్వకండి అన్నది ఆమె చివరి కోరిక. వినడానికి బాగానే ఉంది. కానీ మార్చకుండా ఉంచడానికే ఎక్కువ డబ్బు కావాలని గృహిణులకు వేరే చెప్పాలా? ఒక్కొక్క రాష్ట్రం వారికి ఒక్కొక్క గది అప్పగించారు. చెల్లాచెదరైన సామాను ఎక్కడున్నా వెతికి తెచ్చుకున్నారు. ఎడిసన్ సలహాతో 1916లో విద్యుద్దీపాలొచ్చాయి. చెక్క ఇల్లు కదా, నిప్పు భయం ఎక్కువ. 1923లో హెన్రీ ఫోర్డ్ మంటలార్పే బండి బహూకరించాడు. 1950లలో అవతలి ఒడ్డున చమురు ట్యాంకులు కడతారన్న మాట వినగానే, సంఘ సభ్యురాలు ఫ్రాన్సెస్ బోల్టన్ అక్కడ సుమారు 500 ఎకరాలు కొనేసింది. ఇందాక వరండాలోంచి నేను చూసిన చెట్లు ఊరికే మిగిలినవి కావన్నమాట! ఇప్పటికీ ఆ ఇల్లు ఆ స్త్రీల సంఘానిదే. పన్నుల డబ్బుతో కాదు, టిక్కెట్లతోనూ విరాళాలతోనూ నడుస్తోంది.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. వాషింగ్టన్ పోయిననాడు ఆ ఎస్టేట్‌లో 317 మంది నల్లజాతి బానిసలున్నారు. ఆయన తన సొంతవారిని విడుదల చెయ్యమని వీలునామా రాశాడు. భార్య మొదటి భర్త ఎస్టేటు నుంచి వచ్చినవారిమీద ఆయనకా హక్కు లేదు. ఇంటిని కాపాడిన పమేలా కూడా బానిసల చేత పనిచేయించిన కుటుంబంలోనే పుట్టింది. ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా ఉంచాలన్న సంఘం, ఆ ఇంట్లో వండినవారినీ ఉతికినవారినీ ఎంతోకాలం కథలో చెప్పకుండా వదిలేసింది. వాళ్ళ శ్మశానం దగ్గర 1929లో ఒక శిల వేశారు. చెప్పుకోదగ్గ స్మారకం 1983 దాకా రాలేదు. అక్కడికి కూడా వెళ్ళాను. చెట్ల నీడ తప్ప సమాధుల మీద పేర్లు లేవు.

2024లో నేలమాళిగలో మరమ్మతుల కోసం తవ్వుతుంటే గుంటల్లో పాతిపెట్టిన 35 గాజు సీసాలు బయటపడ్డాయి. వాటిలో 29 చెక్కుచెదరలేదు. లోపల చెర్రీ పళ్ళూ, మరో రకం పళ్ళూ. రెండున్నర శతాబ్దాల నాటివి! మనం ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు, ఎవరో శ్రద్ధగా పళ్ళు నింపి, బిరడా బిగించి, చల్లటి చోట దాచారు. ఆ ఎవరో బానిస స్త్రీలే అయి ఉంటారనీ, వంటింటి పెత్తనం డోల్ అనే ఆమెదనీ అక్కడివారు చెబుతున్నారు. ఆ సీసాలు బయటపడ్డాయంటే ఇల్లు నిలబడి ఉండబట్టే కదా! కూలిపోయి ఉంటే వాషింగ్టన్‌ని లోకం ఎలాగూ మరిచేది కాదు. డోల్ పేరు మాత్రం నేను వినేదాన్ని కాదు.

తిరిగి వచ్చేటప్పుడు విరాళాల పెట్టె కనిపించింది. సంచీలోంచి ఒక నోటు తీశాను. పక్కనున్న మా అమ్మాయి నవ్వి, “రూపాయల్లో ఎంతవుతుందో లెక్క చూసుకోవా అమ్మా?” అంది.

“చూసుకున్నాను. ఒక పెంకు ఖరీదైనా అవుతుందిలే” అన్నాను.