ప్రతికృతి నేర్పిన విద్య: మైసూరు సీమలో తైలవర్ణ రూపచిత్రం

అవిసె నూనెలో నూరిన రంగులతో ఒక వ్యక్తి పోలికను కాన్వాసు మీద నిలిపే తైలవర్ణ రూపచిత్ర కళ దక్షిణ భారతంలో మొదట రాజాస్థానాల ఆశ్రయంలోనే పెరిగింది. అప్పట్లో అది సులభంగా చేతికందే విద్య కాదు. తిరువనంతపురం ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయుడు, నేర్చుకోవాలని వచ్చిన యువ చిత్రకారుడు రాజా రవివర్మతో తన మెళకువలను పంచుకోవడానికి ఇష్టపడలేదనీ, 1868లో అక్కడికి వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియొడార్ జెన్సన్ తాను పనిచేస్తుండగా చూడనిచ్చాడే తప్ప కూర్చోబెట్టి నేర్పలేదనీ రవివర్మ జీవిత చరిత్రకారులు రాశారు. గురువు నోరు విప్పని చోట ఆయన గీసిన చిత్రమే గురువయింది.

1885లో చామరాజేంద్ర ఒడెయరు ఆహ్వానంపై మైసూరుకు వచ్చి రాజకుటుంబీకుల రూపచిత్రాలు వేసిన రవివర్మ, తరువాత నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కోరికపై పురాణ ఘట్టాలనూ చిత్రించాడు. జగన్మోహన ప్యాలెస్ చిత్రశాలలో ఆయన మూలచిత్రాలు ప్రజల కంటికి అందుబాటులోకి వచ్చాయి. బెంగళూరులో 1919లో ఎ.ఎన్. సుబ్బారావు కలామందిరాన్ని, 1960లో ఎం.ఎస్. నంజుండరావు చిత్రకళా పరిషత్తును స్థాపించడంతో చిత్రవిద్య ఆస్థానం గడప దాటి సామాన్యుల పిల్లల దాకా వచ్చింది.

మూలచిత్రాన్ని చూసి గీసే సాధనలో విద్యార్థి ముందుగా మూలానికీ తన కాన్వాసుకూ సమాన నిష్పత్తిలో గళ్ళు గీసుకుని, బొగ్గుతో రూపరేఖను దించుకుంటాడు. ఆ తరువాత ఒకే మట్టిరంగుతో వెలుగునీడలను మాత్రమే నిలిపే అడుగుపూత వేసి, అది ఆరాక చర్మవర్ణాన్ని పొరలు పొరలుగా పరుస్తాడు. పైపొరల్లో నూనె పాలు క్రమంగా పెరగాలి. అడుగున నూనె ఎక్కువై పైన తక్కువైతే, పైపొర ముందుగా ఆరి కాలక్రమంలో బీటలు వారుతుంది. నుదుటి మీది వెలుగు కణత దగ్గర నీడలోకి ఎక్కడ ఒదుగుతుందో, కనురెప్ప కింది నీడలో ఎంత ఎరుపు దాగి ఉందో మాటల్లో చెప్పడం కష్టం. చేయి ఆ దారిలో నడిచినప్పుడే అది బోధపడుతుంది.

ఇలా మూలాన్ని చూసి గీసే సాధనకు విదేశాల్లోనూ చోటుంది: 1793లో పారిస్‌లోని లూవ్ర్ రాజభవనం ప్రజా ప్రదర్శనశాలగా మారినప్పుడు అక్కడ కొన్ని రోజులను చిత్రకారులకే కేటాయించారు. ప్రతికృతి మూలచిత్రమంత కొలతలో ఉండకూడదన్న నియమంతో మోసానికి అడ్డుకట్ట వేస్తూనే ఆ సంప్రదాయాన్ని నేటికీ కొనసాగిస్తున్నారు. 2009లో మాణిక్యవేలు భవనంలో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల వెలసిన బెంగళూరులోనూ, మూలచిత్రాల ఎదుట ఈజిల్ నిలుపుకొని సాధన చేసే అవకాశం విద్యార్థులకు విరివిగా దక్కాలి. ఒకప్పుడు గోప్యంగా దాచిన విద్యకు అంతకన్న న్యాయమైన వారసత్వం లేదు.