కంథలో దిద్దుబాటు

కంథ యను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. సంస్కృతమునుండి వచ్చిన ఈ మాటకు మన నిఘంటువులు బొంత యని యర్థము చెప్పుచున్నవి. పాత చీరలను పొరలుగా పేర్చి కుట్టి, చలికి కప్పుకొనుటకును, పసిబిడ్డల పడకకును బొంతలు సిద్ధము చేయుట తెలుగునాట అనేక గృహములలో అలవాటైన పనియే. వంగదేశమున ఈ యింటిపని చిత్రకళగా వికసించినది. పూర్తియైన కంథను చూచువారు పద్మమును, రథమును, ఏనుగును చూచి మెచ్చుకొందురు. అది పూర్తి గాకముందు ఏ కుట్టు విప్పబడెనో, ఏ తప్పు దిద్దబడెనో యోచించువారు అరుదు. కాని యీ కళలోని నేర్పు చాలవరకు అచ్చటనే యున్నది.

నేడు లభించుచున్న పాత కంథలలో పెక్కింటిని పందొమ్మిదవ శతాబ్దపు స్త్రీలు కుట్టిరి. వానిని సేకరించి కాపాడినవారిలో ముఖ్యుడు గురుసదయ్ దత్తు (1882-1941). ఆయన ఐ.సి.ఎస్. ఉద్యోగి, జిల్లాలలో పనిచేయుచు గ్రామీణ కళాఖండములను ప్రోగుచేసెను. కలకత్తా సమీపమున జోకాలో 1963లో ప్రారంభమైన ప్రదర్శనశాలకు ఆయన పేరే పెట్టబడినది. మానదాసుందరి యను నామె తన తండ్రికై కుట్టిన ప్రసిద్ధ కంథ ఆ సేకరణలోనిదే. 1939లో స్టెల్లా క్రామ్రిష్ విదుషి కంథలపై వ్యాసము ప్రకటించి పండితుల దృష్టిని ఇటు మరల్చెను.

కంథ కుట్టు విధానమును పరిశీలించినచో, తప్పును దిద్దుకొనుటకు అందు తగిన తావులు కలవని తెలియును. మొదట, ఉతికి మెత్తనైన చీరలను, ధోవతులను నేలపై పరచి ముడుతలు లేకుండ సరిచేయుదురు. అంచులు మడచి కుట్టి, పొరలు కదలకుండ ఎడమెడముగా కచ్చా కుట్లు వేయుదురు. లోపలి పొరలో ముడుత చిక్కినచో ఇప్పుడే తెలియవలెను. చేతితో నిమిరినచో అది తగులును. రెండు మూడు వరుసలు విప్పి సరిచేయుట సులభము.

పిమ్మట నడుమ పద్మమును, నాలుగు మూలల చెట్లను కుట్టుదురు. పద్మము నడిమికి రానిచో మిగిలిన చిత్రములన్నియు ప్రక్కకు జరుగును. కావున ఆ తప్పును మూలలకు పోకముందే పట్టుకొనవలెను. చివరిది నేపథ్యపు కుట్టు. తెల్లని దారముతో చిత్రముల చుట్టును సన్నని వరుసలు వేయగా గుడ్డపై అలలవంటి ముడుతలేర్పడును. దారము మితిమించి బిగిసినచో గుడ్డ ముద్దయగును. ఈ వరుసలు నిండిన తరువాత ఒక్క చిత్రమును మార్చవలెనన్నను దాని చుట్టునున్న వరుసలనెల్ల విప్పవలసి వచ్చును. నేపథ్యము మొదలుపెట్టుటకు ముందు చూచు చూపే కడపటి చూపు.

విప్పుటయు ఒక విద్యయే. గుడ్డ పాతది, దారమును ఒక్క పెట్టున లాగినచో చినుగును. అక్కడక్కడ త్రెంచి, కొంచెము కొంచెముగా తీయవలెను. రంగుదారములు పాత చీరల అంచులనుండి లాగి తీసినవి గనుక ఆ దారమును వ్యర్థము చేయుటకు మనసొప్పదు.

ఐనను కొన్ని లోపములు మిగులును. అమెరికా దేశపు బొంతలలో, దేవుడొక్కడే నిర్దోషి యను భావముతో, కావలెననియే ఒక తప్పు విడిచెడివారని ఒక కథ వ్యాపించినది. చరిత్రకారులు వెదకినను దానికి తగిన ఆధారము లభింపలేదు. తప్పు చేయుటకు మనుష్యులకు ప్రత్యేక ప్రయత్నము అక్కరలేదు! కంథలో జంట చెట్లు సమానముగా లేకున్నను ఎవరికిని నష్టము లేదు. పొరలు వదులైనచో మాత్రము కంథ నిలువదు. మొదటిదానిని ఓర్చుకొని, రెండవదానిని దిద్దుటయే వివేకము.

ఈ వివేకము ఎవరిదను ప్రశ్నకు కాలము వేరు వేరు సమాధానములిచ్చినది. తన బిడ్డకో తండ్రికో కుట్టినపుడు తప్పొప్పులకు కుట్టిన స్త్రీయే న్యాయాధికారి. 1971 యుద్ధానంతరము బంగ్లాదేశమున కంథపని వేలాది పేద స్త్రీలకు జీవనాధారమైనది. నమూనా వేరొకరు గీయుదురు; కుట్టువారు వేరు; కొనువారు ఎక్కడో యుందురు. చేతికి కూలి దక్కినది, అది స్వల్పమైన మేలు కాదు. కాని ఏది తప్పో, ఏది విడువదగినదో నిర్ణయించు అధికారము కుట్టు చేతినుండి కొంత తొలగినది.

ప్రదర్శనశాలలో గోడకు వ్రేలాడదీసిన కంథకు ఒక వైపే కనబడును. ముడి ఎక్కడ పడెనో, దారము ఎక్కడ తెగి మరల మొదలయ్యెనో రెండవ వైపు చెప్పును. పేరు వ్రాయని తల్లుల బుద్ధికుశలత తెలియవలెనన్న కంథను త్రిప్పి చూడవలెను. ఇంటి పెట్టెలో అమ్మమ్మ కుట్టిన బొంత యున్నవారు ఆ పరీక్షను నేడే చేయవచ్చును.