నిద్రించు కంప్యూటరు, వేచియుండు సర్వరు

నిద్ర ప్రాణులకే గాక కంప్యూటరునకును కలదు. కొంతసేపు ఎవరును మీటలు తాకకున్నచో అది తెరను ఆర్పి, ప్రాసెసరును, డిస్కును ఆపి, మెమరీకి మాత్రము కొద్దిపాటి విద్యుత్తు అందించుచు ఊరకుండును. మరల మీట నొక్కగనే విడిచిన పని విడిచిన చోటనే కనబడును. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఆ కంప్యూటరు తన ఫైళ్ళ నకళ్ళను నెట్‌వర్కు ద్వారా వేరొక గదిలోని డిస్కునకు పంపుచుండగా నిద్రించినచో, మేల్కొనిన పిదప ఆ డిస్కు తరచుగా కనబడదు. సంబంధము తెగినదని తెరపై ఒక ప్రకటన వచ్చును. భద్రముకొరకు దాచు ఇట్టి నకలునే బ్యాకప్పు అందురు. అది సగములో ఆగినచో దాచినదంతయు చెడిపోవు ప్రమాదము కూడ కలదు.

తీగె వదులైనదనియో, డిస్కు పాతదైనదనియో చాలమంది తలంతురు. ఒక్కొక్కప్పుడు అది నిజమే. కాని చిక్కు ప్రతిసారి నిద్ర వెంటనే వచ్చుచున్నచో, దాని మూలము నలువది సంవత్సరములకు పూర్వము, కంప్యూటర్లకు నిద్ర యనునదే లేని కాలములో, జరిగిన ఏర్పాట్లలో వెదకవలెను.

1983 ప్రాంతమున ఐ.బి.ఎమ్. సంస్థలో బారీ ఫైగెన్‌బామ్ అను ఇంజనీరు, ఒక కంప్యూటరులోని ఫైళ్ళను ఇతర కంప్యూటర్లు వాడుకొనుటకు ఒక సంభాషణ పద్ధతిని రూపొందించెను. అదియే తరువాత మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగిన ఎస్.ఎమ్.బి. ఇందులో ఫైళ్ళు దాచియున్న యంత్రము, అనగా సర్వరు, ఒక పద్దు వ్రాసికొనును: ఏ కంప్యూటరు వచ్చినది, ఏ ఫైలును తెరచినది, దేనికి తాళము వేసినది. తాళము అవసరమే. ఒకే జమాఖర్చు పుస్తకములో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి వ్రాసినచో ఏమగునో చెప్పనక్కరలేదు. అయితే ఈ పద్దంతయు ఆ సంబంధమునకు ముడిపడియుండును. సంబంధము పోయినచో పద్దు కొట్టివేయబడును, తెరచిన ఫైళ్ళు మూయబడును. ఆనాటి కంప్యూటరునకు రెండే స్థితులు: పనిచేయుట, ఆగిపోవుట. ఆగిపోయినవాని పద్దును కొట్టివేయుట న్యాయముగనే తోచెను.

కొలది కాలమునకే, 1984–85లో, కాలిఫోర్నియాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు దీనికి పూర్తిగా విరుద్ధమైన మార్గము త్రొక్కిరి. వారి ఎన్.ఎఫ్.ఎస్. పద్ధతిలో సర్వరు ఏ పద్దును వ్రాసికొనదు. అడుగు కంప్యూటరే ప్రతి కోరికలోను సమస్తమును చెప్పవలెను: ఈ ఫైలులో, ఇన్నవ బైటు నుండి, ఇన్ని బైట్లు. సర్వరు నడుమ ఆగి మరల లేచినను నష్టము లేదు. జవాబు వచ్చువరకు అడిగినదే మరల అడుగుచుండిన చాలును. గుర్తుంచుకొనుటకు ఏమియు లేనప్పుడు మరచుటకును ఏమియు లేదు. ఈ ఉపాయము చాల చక్కనిది; నిద్రను గూర్చి ఎవరును తలపకుండగనే నిద్రకు కూడ సరిపోయినది. కాని దీని ఖరీదు వేరొకచోట చెల్లింపవలసివచ్చెను. పద్దు లేనిచోట తాళమెట్లు వేయుట? అందుకు వేరొక సేవను ప్రక్కన చేర్చవలసివచ్చెను. మరియొక చిక్కు: ఒక ఫైలును తీసివేయుమని అడుగగా సర్వరు తీసివేసెను, కాని జవాబు దారిలో పోయెను. అదే కోరిక మరల వచ్చినప్పుడు "అట్టి ఫైలే లేదు" అని సర్వరు చెప్పును. పని జరిగియు జరుగలేదని తోచును.

ఇక ఈ సంభాషణలను మోయు టి.సి.పి. సంగతి. నిద్ర వలన తెగునది ఇదే యని అనేకుల భావము. దాని నియమావళి 1981 సెప్టెంబరులో వెలువడినది. దాని ప్రకారము ఇరువైపుల చెప్పవలసినది లేనప్పుడు ఏమియు పంపనక్కరలేదు. గంటలకొలది మౌనము వహించినను సంబంధము సంబంధమే. అవతలివాడు ఉన్నాడా అని అప్పుడప్పుడు పలుకరించు ఏర్పాటును గూర్చి 1989 అక్టోబరులో వచ్చిన నియమములు, అది కోరినప్పుడు మాత్రమే పనిచేయవలెననియు, మామూలు గడువు రెండు గంటలకు తగ్గరాదనియు చెప్పినవి. కావున ఊరక నిద్రించినంత మాత్రమున టి.సి.పి. తెగదు. నిద్రించువానికి సర్వరు ఏదేని పంపి, పలుమారులు పంపియు జవాబు పొందనప్పుడే అది ఆశ వదలుకొనును.

ఓర్పు తక్కువ పైమెట్టున ఉన్న ఫైళ్ళ సేవలకే. ఆపిల్ సంస్థ 1987లో ఆపిల్‌షేర్‌తో తెచ్చిన ఎ.ఎఫ్.పి. పద్ధతిలో ఇరువైపులవారును ముప్పది సెకండ్లకొకసారి "ఉన్నాను" అని తెలుపుకొనవలెను. రెండు నిమిషములు ఏ పలుకును వినరానిచో సంబంధము ముగియును. విండోస్ సర్వరులో ఏ పనియు లేని సంబంధమునకు మామూలు గడువు పదునైదు నిమిషములు. తరగతిలో హాజరు పిలుచునప్పుడు పలుకని విద్యార్థి రాలేదా, కునుకు తీయుచున్నాడా అని ఉపాధ్యాయుడు తల యెత్తి చూడగలడు. సర్వరునకు ఆ కన్ను లేదు. మరణించిన కంప్యూటరు మౌనమును, నిద్రించిన కంప్యూటరు మౌనమును దానికి ఒక్కటే. ఎక్కువసేపు వేచియున్నచో నిద్రించువాడు వేసిన తాళము వలన ఇతరుల పని ఆగును. తక్కువసేపు వేచినచో నిద్రించువాని పని చెడును.

నిద్ర వేరొక దిక్కు నుండి వచ్చెను. 1992లో అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థ ఎనర్జీ స్టార్ అను పథకమును ఆరంభించి, పనిలేనప్పుడు ముప్పది వాట్లకు మించి విద్యుత్తు వాడని కంప్యూటర్లకు తన ముద్ర నిచ్చెను. అదే సంవత్సరము ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు విద్యుత్తు పొదుపునకు ఎ.పి.ఎమ్. అను ఏర్పాటును ప్రకటించినవి. 1996 డిసెంబరులో, తోషిబా కూడ చేరగా, నేటికిని వాడుకలోనున్న ఎ.సి.పి.ఐ. వెలువడెను. విద్యుత్తును పొదుపు చేసినవారు వేరు, ఫైళ్ళ సంభాషణను రచించినవారు వేరు.

ఎ.ఎఫ్.పి. రచయితలు ఈ చిక్కును గుర్తించి ఒక ముచ్చటైన ఆజ్ఞను చేర్చిరి. నిద్రింపబోవు కంప్యూటరు ముందుగా "నేను నిద్రించుచున్నాను, నన్ను మృతునిగా ఎంచవలదు" అని సర్వరునకు విన్నవించును. ఆంగ్లమున చివరి అక్షరమును వరుసగా వ్రాసి గురకను సూచింతురు. ఆ గురకయే ఈ ఆజ్ఞకు పేరు. ఎ.ఎఫ్.పి. సేవను ఇతర యంత్రములలో అందించు నెటటాక్ అను సాఫ్టువేరు, ఇట్లు చెప్పి నిద్రించినవానికొరకు మామూలుగా పది గంటలు వేచియుండును. అయితే చెప్పకుండ తెగిపోయిన సంబంధమునకు, అనగా వై-ఫై అందని చోటికి పోయిన దానికి, ఈ ఉపాయము పనికిరాదు.

దీని తీవ్రత బ్యాకప్పులో బయటపడెను. ఆపిల్ 2007 అక్టోబరులో టైమ్ మెషీన్ అను బ్యాకప్పు సాధనమును, 2008లో దానికొరకు టైమ్ కాప్స్యూల్ అను నెట్‌వర్కు డిస్కును తెచ్చెను. నెట్‌వర్కుపై దాచు నకలు ఒక పెద్ద పెట్టె వంటిది. వెలుపలినుండి చూచిన అది మామూలుగా ఎనిమిదేసి మెగాబైట్ల ముక్కలు. లోపల తన సూచికలతో కూడిన సంపూర్ణ డిస్కు. సూచిక సగము వ్రాసియుండగా సంబంధము తెగినచో ఒక్క ఫైలు గాక పెట్టె యంతయు నమ్మరానిదగును. అప్పుడు పాతదానిని విడిచి క్రొత్త బ్యాకప్పు నారంభింపవలెనని టైమ్ మెషీన్ చెప్పును. నెలలు, సంవత్సరములు కూర్చిన పాత ప్రతులన్నియు దానితో పోయినట్లే. ఒకానొక దినమున పొరపాటున తుడిచిన ఫొటోలు, లెక్కలు ఆ పాత ప్రతులలో తప్ప మరెక్కడను ఉండకపోవచ్చును.

అందువలననే 2009 నాటి ఎ.ఎఫ్.పి. 3.3 లో సర్వరు తానిచ్చిన జవాబులను కొన్నింటిని దాచియుంచుట తప్పనిసరి చేయబడెను. తెగిన కంప్యూటరు తిరిగివచ్చి అడిగినదే అడిగినచో, పనిని రెండవమారు చేయక పాత జవాబునే మరల ఇచ్చును. ఎన్.ఎఫ్.ఎస్. ఎదుర్కొన్న పాత చిక్కునకు ఇదియే మందు.

ఎస్.ఎమ్.బి. కూడ మారెను. 2006 చివర విండోస్ విస్టాతో వచ్చిన రెండవ రూపములో, సంబంధము తెగినను తెరచిన ఫైలు పద్దును సర్వరు కొంతసేపు నిలిపియుంచు సౌకర్యము ఏర్పడెను. 2012 నాటి మూడవ రూపములో సర్వరు తానే ఆగి లేచినను ఆ పద్దు నిలుచునట్లు చేసిరి. ఆపిల్ క్రమముగా ఎ.ఎఫ్.పి.ని విడిచి ఇటు మరలెను. 2020 నాటి బిగ్ సర్‌లో ఎ.ఎఫ్.పి. సర్వరు లేదు. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ ఆరంభించిన సాంబా, 2018 నాటి 4.8 రూపము నుండి టైమ్ మెషీనునకు కావలసిన సేవ నందించుచున్నది. అనేక నెట్‌వర్కు డిస్కులలో పనిచేయునది సాంబాయే.

ఇన్ని మార్పుల పిదపను చిక్కు ఎదురైనచో, దోషమెచ్చటనో కనుగొనుటకు సులభమైన పరీక్ష కలదు. కంప్యూటరును ఒక నిమిషము నిద్రపుచ్చి లేపవలెను. తరువాత ఒక గంట. నిమిషము నిద్రకు నిలిచి గంట నిద్రకు తెగినచో, సర్వరులోని గడువును అనుమానింపవలెను. నిమిషము నిద్రకే తెగినచో దోషము మేల్కొనునప్పటిది కావచ్చును. వై-ఫై చేరుట, చిరునామా పొందుట, ఆగిన డిస్కు మరల తిరుగుట – ఇవన్నియు ముగియుటకు కొన్ని సెకండ్లు పట్టును. బ్యాకప్పు సాధనము అంతకు ముందే తొందరపడి విఫలమగును. ఒక నిమిషము తాళి మరల కలిపి చూడవలెను. పేరుతో దొరకని డిస్కు అంకెల చిరునామాతో దొరకినచో, డిస్కు నిర్దోషి. పేరును చిరునామాగా మార్చు ఏర్పాటును సరిచూడవలెను. దోషము తేలువరకు బ్యాకప్పు నడచునంతసేపు నిద్రను నిలుపుటయే క్షేమము.

నిద్రించుచున్నది నెట్‌వర్కు డిస్కే అయినచో కథ తిరుగబడును. దానిని లేపుటకు 1995లో ఎ.ఎమ్.డి. సంస్థవారు, హ్యూలెట్ పాకార్డ్ వారితో కలిసి, మాజిక్ పాకెట్ అను సందేశమును నిర్ణయించిరి. మొదట ఆరు బైట్లలో అన్నియు ఒకట్లు, పిదప ఆ యంత్రపు నెట్‌వర్కు కార్డు చిరునామా పదునారు మారులు: మొత్తము 102 బైట్లు. యంత్రమంతయు నిద్రించుచున్నను ఆ కార్డునకు మాత్రము విద్యుత్తు అందుచుండవలెను. లేనిచో ఈ పిలుపును వినువారుండరు.