కాడి కింద కలిసిన అడుగులు

సంక్రాంతికీ, శివరాత్రి తిరునాళ్లకీ గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో ఎడ్ల బండలాగుడు చూడాల్సిందే. ఇచ్చిన సమయంలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. విభాగాలు పళ్లను బట్టి: రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు.

ఒంగోలు ఎద్దుకు ఈ సత్తువ పందెం కోసం వచ్చింది కాదు. వాన పడిందంటే నల్లరేగడి బండి చక్రాన్ని కదలనివ్వదు. ఆ బురదలోంచే పత్తి బోరేలు, మిరప బస్తాలు ఊరు దాటాలి. గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు పరిసరాల రైతులు ఆ పనికి తగిన గిత్తనే తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారు.

సైన్యాలూ ఎద్దు మెడనే నమ్ముకున్నాయి. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల ఫిరంగులను లాగినవి మైసూరు అమృత్ మహల్ ఎడ్లు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ మందలు ఇంగ్లీషువాళ్ల పరమయ్యాయి. ఫిరంగులతో మనుషులే తంటాలుపడిన కథా ఒకటుంది. సరిగ్గా వందేళ్లకు, 1899లో దక్షిణాఫ్రికాలో, ‘పవర్‌ఫుల్’ యుద్ధనౌక నావికులు ఓడ ఫిరంగులను ఒడ్డుకు దించి లేడీస్మిత్ పట్టణానికి చేర్చారు. ఆ పట్టణం చుట్టూ సాగిన 118 రోజుల ముట్టడి 1900 ఫిబ్రవరి 28న వీడింది. నావికులు ఫిరంగులను చేర్చిన ఆ పని జ్ఞాపకంగా మొదలైనదే బ్రిటిష్ నౌకాదళ ఫిరంగి పందెం. 1907 నుంచి లండన్‌లో నౌకాదళ కేంద్రాల జట్లు తలపడ్డాయి. ప్రపంచ యుద్ధాలప్పుడు ఆగినా 1999 దాకా సాగింది. జట్టుకు 18 మంది. ఫిరంగిని ఊడదీసి, గోడ దాటించి, 28 అడుగుల ఎడం మీదుగా తాడుతో అవతలికి చేర్చి, మళ్లీ బిగించి పేల్చాలి. అక్కడ కండబలం ఎంతున్నా, ఒక్కడి అడుగు తప్పితే అంత ఇనుమూ పక్కవాడి మీదే పడుతుంది.

మన రైతు సాధన కూడా అడుగులు కలపడంతోనే మొదలవుతుంది. ముందు జత కుదరాలి: ఎత్తు, నడక, స్వభావం. ఒకటి ఉరికి ఇంకొకటి ఆగితే కాడి ఒరిగి, మెడ ఒరుసుకుంటుంది. ఉడికించిన ఉలవలు, పత్తి గింజలు పెట్టి, తెల్లవారుజామున నడిపించి, తేలిక బరువుతో మొదలుపెట్టి నెలల మీద బండ దాకా తెస్తారు. నా మటుకు నేను చూసేది మలుపు దగ్గర. బరి చివర తిరిగేటప్పుడు లోపలి ఎద్దు నిదానించాలి, బయటిది అడుగు సాచాలి. తోలేవాడి గొంతు విని దాపటిదీ వలపటిదీ ఆ తేడాను పట్టుకుంటే జత తయారైనట్టే.

ట్రాక్టర్లు వచ్చాక దుక్కి పోయింది, బండి పోయింది. ఈ గిత్తలను ఇంత ఖర్చు పెట్టి మేపడానికి చాలా ఇళ్లలో మిగిలిన కారణం పందెమే. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్ల పందేలపై నిషేధం విధించింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను 2023 మే 18న సమర్థించింది. జంతువు బాధ గురించి కోర్టు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. అందుకు జవాబు బరిలోనే చెప్పాలి. ముల్లుగర్ర తాకిన జతకు ఒక్క అడుగూ లెక్కించబోమని ప్రతి తిరునాళ్ల కమిటీ ముందే ప్రకటించాలి. మాట వినే ఎద్దును తయారుచేసిన రైతుకు ఆ నిబంధన భారం కాదు.